ఒక పంట కాలం నెల్లూరు తీరాన

కావలి, అల్లూరు: ఫిబ్రవరి మొదటివారం

గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు తీరానికి రొయ్యల పని మీద ఏటా జనం వస్తూనే ఉంటారు. టెక్నీషియన్లు, మేత కుర్రాళ్లు, జనరేటరు మెకానిక్కులు, పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యని గుంటలోంచి తీయడానికి, వలలు లాగే ముఠాలు. ఎండాకాలం పంటకి ఫిబ్రవరిలో దిగితే జూన్ ఆఖరుకి గానీ మళ్లీ ఇల్లు కనపడదు. మేం పనిచేసిన గుంటలు ఒకచోట లేవు. ఒకే కుటుంబానివే అయినా అన్నదమ్ములవీ బావమరుదులవీ కలిపి అల్లూరు నుంచి ముత్తుకూరు దాకా తీరం వెంబడి చెదురుగా ఉన్నాయి. అందుకని మకాం కూడా ఊరి నుంచి ఊరికి జరుగుతూ పోయింది.

ఇక్కడ దారి అడిగితే ఎదుటివాడు తిరిగి అడిగే మొదటి మాట, "కాలవకి ఇవతలా, అవతలా?" బకింగ్‌హాం కాలవ సముద్రానికి సమాంతరంగా పోతుంది. దాటడానికి వంతెనలు తక్కువ. ఫోన్లో మ్యాపు గుంట గట్లను కూడా రోడ్లుగానే చూపిస్తుంది. దాన్ని నమ్ముకున్న మేత లారీ ఒకటి తూము దగ్గర ఇరుక్కుంది. ఎదురుగా వంద గజాల్లో షెడ్డు కనపడుతోంది, మధ్యలో కాలవ. గట్టు మీద లారీ తిప్పే చోటుండదు, వచ్చిన దారంతా రివర్సులోనే పోవాలి. గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన "ఆడ వంతెన లేదు నాయనా, ఎనక్కి బో" అని మొదట్లోనే చెప్పాడు. డ్రైవరు ఆయన్ని కాదని ఫోన్ని నమ్మాడు. కొత్తగా వచ్చేవాళ్లు ఊరి పేరుతో పాటు ఏ వంతెన దాటాలో కూడా రాసిపెట్టుకుంటే సగం పూట మిగులుతుంది.

అల్లూరులో గది అద్దె మూడు వేలు, రెండు నెలల అడ్వాన్సు. గది చూసేటప్పుడు ఫ్యానూ కిటికీ కాదు, ముందు పంపు తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని చూడాలి. తీరానికి దగ్గరైన కొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, తల అట్టలు కడుతుంది. తాగడానికీ వంటకీ ప్లాంటు నీళ్లు ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలకి నింపుతారు. క్యాను మనదే ఉండాలి. ఇద్దరికి వంటతో సహా రోజుకో క్యాను పడుతుంది, ఎండలు ముదిరాక అదీ చాలదు. గది కంటే గట్టు మీద షెడ్డులో ఉండిపోవడం చవకే గానీ, పగలు రేకుల కింద నిద్ర పట్టదు. రాత్రి మేలుకునే పనికి పగటి నిద్రే ఆధారం. మిగతా ఖర్చులో ఎంత పిసినారితనం చేసినా ఈ అద్దె దగ్గర చెయ్యకూడదు.

ఇస్కపల్లి వైపు: ఫిబ్రవరి చివర

ఇటు ఉప్పు మళ్లు, అటు రొయ్యల గుంటలు, మధ్యలో తాటిచెట్లు. ఉదయం పూట ఉప్పు కుప్పల మీద ఎండ పడితే కళ్లు తెరవలేం.

గుంటకి నీళ్లు పెట్టాక మొదటి పని బ్లీచింగ్. లెక్క తేలికే. ఎకరం గుంట మీటరు లోతు ఉంటే నాలుగు వేల ఘనపు మీటర్ల పైచిలుకు నీళ్లు. 60 పీపీఎం పట్టాలంటే ఘనపు మీటరుకి 60 గ్రాములు, మొత్తం 240 కిలోలు. చిక్కల్లా లోతు దగ్గరే వస్తుంది. గట్టు దగ్గర కర్ర పెట్టి మీటరంటారు, మధ్యలో అది మీటరున్నర ఉంటుంది. అప్పుడు మందు పలచనై నీళ్లలో ఉన్న పీతపిల్లలూ అడవి రొయ్యలూ చావవు, రొయ్యకి తెల్లమచ్చ జబ్బును మోసుకొచ్చేవి అవే. పది పన్నెండు చోట్ల కొలిచి సగటు తీయాలి. బస్తా తెరిచిన రోజే వాడాలి, తేమ తగిలిన పొడిలో క్లోరిన్ మిగలదు. సాయంత్రం చల్లడం మేలు, ఎండలో క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది. తరవాత ఏరియేటర్లు (నీళ్లకి గాలి పట్టించే మోటారు చక్రాలు) తిప్పుతూ మూడు నాలుగు రోజులు ఆగి, పరీక్ష చుక్కలు వేసి పసుపు రంగు రావడం లేదని తేలాకే ముందుకి పోవాలి.

నీళ్లలో నాచు పెరిగి రంగు రావడానికి మేం వాడిన పాళ్లు ఎకరానికి పాతిక కిలోల తవుడు, అయిదు కిలోల బెల్లం, గుప్పెడు ఈస్టు. డ్రమ్ములో ఒక రోజు ఊరబెట్టి, వడకట్టి ఆ నీళ్లు మాత్రం చల్లాలి. పిప్పి కూడా పోసేస్తే అడుగున కుళ్లుతుంది. నలుపూ తెలుపూ పళ్లెం ముంచితే ముప్పై నుంచి నలభై సెంటీమీటర్ల లోతులో కనుమరుగవ్వాలి.

సీడు, అంటే రొయ్య పిల్లలు, రాత్రి పూటే వస్తుంది. బండి తలుపు తీయగానే ఐసు ఆవిరి, థర్మోకోల్ పెట్టెలు, ఆక్సిజన్ నింపిన సంచులు. సంచిలో నీళ్లు ఇరవై రెండు ఇరవై మూడు డిగ్రీలు, గుంటలో ఇరవై ఎనిమిది. సంచులు అరగంట పైన తేలనిచ్చి, మూతి విప్పి, చెంబుతో గుంట నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మరో అరగంట ఆగాలి. ఉప్పదనం తేడా ఎక్కువుంటే ఇంకా నెమ్మదిగా. చలి పెడుతోందనీ నిద్రొస్తోందనీ ఇక్కడ తొందరపడితే ఆ నష్టం ఆ రాత్రి తెలియదు. నెల తరవాత మేత లెక్క తప్పినప్పుడు బయటపడుతుంది. అందుకే గుంటలో ఒక హాపా (చిన్న వల సంచి) కట్టి వంద పిల్లల్ని విడిగా వేసి, రెండు రోజుల తరవాత లెక్కపెడతారు. తొంభై పైన బతికితే సరే. ఎనభై లోపు వస్తే పిల్లల్ని పంపిన హేచరీకి ఫోను.

మేం వేసింది వెనామీ రకం రొయ్య. ఇండియాలో దీనికి 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు ఇక్కడంతా టైగర్ రొయ్యే. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ తగిలి ఎలా ఊడ్చిపెట్టుకుపోయిందో పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఏ గుంట దగ్గరికెళ్లినా చెప్పులు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో ముంచనిదే గట్టెక్కనివ్వకపోవడం ఆ భయమే. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికొచ్చిన చుట్టాన్ని కూడా గేటు దగ్గరే నిలబెట్టి, కాళ్లు తడిపించి, అప్పుడు పలకరించారు.

విడవలూరు: మార్చి

గోదావరి వాళ్లకి ఇక్కడ మొదట తగిలేది మాట తీరు. "అండి" వినపడదు. పెద్దవాళ్లు పలకరించినా కసిరినట్టే ఉంటుంది. "ఏందబ్బాయా, గట్టు మీద నిలబడి ఏం చూస్తుండావు? ఇంకా అన్నం తినలా?" అంటే కోప్పడ్డారనుకుని తల దించుకోనక్కర్లేదు. పళ్లెం కడుక్కుని వెళ్లాలి. తిన్నానని చెబితే ఏ కూరో చెప్పాలి, కూర పేరు చెప్పడానికి తడబడితే అబద్ధం పట్టేస్తారు. మనం ప్రతి మాటకీ "అండి" తగిలిస్తుంటే మొదటి వారం నవ్వుతారు, తరవాత "గోదారాయన" అని పేరు స్థిరపడిపోతుంది. యజమానిని కుర్రాళ్లందరూ "అన్నా" అనే పిలుస్తారు. ఆయన తల్లిని "అమ్మా" అంటే చాలు. మనవైపులా "గారు" చేర్చి పిలిస్తే ఆమె ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసింది.

ఆవిడ చేతి బొమ్మిడాయిల పులుసు గురించి వివరంగా రాయకపోతే ఈ కథనమే దండగ. బొమ్మిడాయికి ఒంటి నిండా జిగురు. పొయ్యి బూడిదా రాళ్ల ఉప్పూ వేసి రాతి మీద గరగర రుద్ది, మూడు నీళ్లు మార్చి కడగాలి. జిగురు మిగిలితే పులుసంతా నీచు వాసన. కిలో చేపకి వంద గ్రాముల చింతపండు, అయితే మామిడికాయ పుల్లన ఎంతో కొరికి చూసి దాన్నిబట్టి తగ్గిస్తారు. మట్టి దాకలో నూనె ధారాళంగా పోసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక రెండు టమాటాలు మెత్తబడే దాకా ఉంచి, కారం, పసుపు, ఉప్పు వేసి, పులుసు పోసి బాగా మరగనివ్వాలి. పులుసు చిక్కబడి నూనె పైకి తేలాకే ముక్కలు వేయాలి. అక్కణ్ణుంచి గరిటె పెట్టకూడదు, దాకని రెండు చేతులా పట్టుకుని తిప్పడమే. దింపే ముందు ఏడెనిమిది నిమిషాలు ఉందనగా టెంకతో సహా కోసిన మామిడి ముక్కలు, ఆఖర్న వేయించి కొట్టిన మెంతులు, జీలకర్ర, ధనియాల పొడి. మెంతులు మాడితే చేదు, ఇక దానికి మందు లేదు. ఇంత చేసి ఆ పూట తిననివ్వరు. మర్నాడు పొద్దున అన్నంలోకి, ఇడ్లీలోకి కూడా.

మనవైపు పులస పులుసులో బెండకాయా వెన్నపూసా పడతాయి. ఆ మాట చెబితే "వెన్నా? చేపలోనా?" అని ఆవిడ నోరు నొక్కుకుంది. పోటీ పెట్టాల్సిన పని లేదు గానీ, ముక్క సంగతి పులసదీ పులుసు సంగతి నెల్లూరిదీ అని ఒప్పుకోవాలి.

వంట చేసుకోవడం కుదరని రోజుల్లో ఊళ్లో కారం దోశ నలభై రూపాయలు. ఎండుమిర్చీ వెల్లుల్లీ నూరిన ఎర్రకారం దోశ అంతటా పులిమి, పైన పప్పుల పొడి చల్లుతారు. అలవాటు లేనివాళ్లు కారం సగం వేయమని ముందే చెప్పాలి. పెనం మీద పడ్డాక చెప్పి లాభం లేదు. సాయంత్రం బళ్ల మీద పులిబొంగరాలు. అన్నం మాత్రం ఇక్కడే బాగుంది, పాత బియ్యం వండితే మెతుకు విడివిడిగా వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ గాజు సీసాలో కంటే చిన్న జాడీలో నిలుస్తుంది. గట్టు మీద గాలిలో తేమ ఎక్కువ, తడి గరిటె ఒక్కసారి తగిలినా బూజు పడుతుంది. పైన వేలెడు నూనె నిలబడి ఉండాలి.

మైపాడు దారిలో: ఉగాది నుంచి ఏప్రిల్ ఆఖరు

ఇంటి మీద బెంగ ఎప్పుడు పడుతుందో పాత మేస్త్రీలు ముందే చెప్పేస్తారు, మూడో వారం అని. మొదటి నెల రోజులూ చూడకుండానే లెక్క ప్రకారం మేత వేస్తారు. లక్ష పిల్లకి మొదటి రోజు రెండు కిలోల దాకా, తరవాత రోజుకి మూడు నాలుగు వందల గ్రాములు పెంచుకుంటూ పోవడం. పట్టిచూడ్డానికి గుంటలో ఇంకా ఏమీ కనపడదు. చేతికి పని తక్కువ, మనసుకి తీరిక ఎక్కువ. పారిపోయేవాళ్లు ఆ వారంలోనే పారిపోతారు. పండగ సెలవు పెట్టుకుని వెళ్లి రానివాళ్లూ ఉన్నారు. చిత్రమేమంటే నిజంగా నాలుగు రోజులు ఇంటికెళ్లి రావడానికి వీలున్న కాలం కూడా అదొక్కటే. నలభై అయిదో రోజు దాటాక ఎవరూ వదలరు.

పండక్కి వెళదామన్నా తిథులు అడ్డం. రొయ్య పొర విడిచేది ఎక్కువగా అమావాస్యకీ పౌర్ణమికీ. ఉగాది ఎప్పుడూ అమావాస్య మర్నాడే. పున్నమికి వచ్చే పండగలన్నీ అంతే, దీపావళి సరేసరి. సంక్రాంతి ఈ లెక్కలో పడదు గానీ అప్పటికి పాత పంట తీసి గుంటలు ఆరబెడుతుంటారు. మనింట్లో పచ్చడి కలిపే వేళకి ఇక్కడ గుంటలో సగం రొయ్యలు మెత్తటి ఒంటితో అడుగున పడి ఉంటాయి. ఆ రెండు మూడు రోజులు మేత పావు వంతు తగ్గించాలి, రాత్రి ఖనిజ లవణాలు చల్లాలి, ఏరియేటరు ఒక్కటి కూడా ఆగకూడదు. పొర విడిచే రొయ్యకి ఆక్సిజన్ మామూలు కంటే ఎక్కువ కావాలి. గాలి తగ్గితే గట్టివి మెత్తవాటిని పీక్కు తింటాయి. ఉగాది పచ్చడి యజమాని ఇంటి నుంచి స్టీలు క్యారేజీలో గట్టు మీదకే వచ్చింది.

మేత వేళలు ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. ఇంటికి ఫోను చెయ్యడానికి సాయంత్రం మేత వేశాక, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే ట్రే తీసే లోపు గంటన్నర ఉంటుంది. అదే మంచి వేళ. రెండు గంటల మేతకి ముందు చేస్తే ఇంట్లోవాళ్లు భోజనాల దగ్గరుంటారు, ఏ కూరో వినపడుతుంది, ఇక ఆ పూట మన అన్నం లోపలికి దిగదు. ఇది వేళాకోళం కాదు, కొత్త కుర్రాళ్లకి మొదట చెప్పే జాగ్రత్త.

చెక్ ట్రే దగ్గర నిలబడితే ఈ పనిలోని తెలివంతా కనపడుతుంది. వేసిన మేతలో కిలోకి మూడు నాలుగు గ్రాముల లెక్కన ట్రేలో పెట్టి దించుతారు. రొయ్య మూడు నాలుగు గ్రాములున్నప్పుడు రెండు గంటలకి, ఇరవై గ్రాములు దాటాక గంటకే పైకి తీసి చూడాలి. అన్ని ట్రేలూ ఖాళీ అయితే మర్నాడు అయిదు శాతం పెంపు, మేత మిగిలితే పది శాతం కోత. మేత కంటే ముఖ్యం ట్రేలో ఎగిరిపడే రొయ్య. ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకి ఎత్తితే వీపు వెంట నూలుపోగులాంటి పేగు కనిపిస్తుంది. మేత రంగులో, తెగకుండా తోక దాకా నిండి ఉంటే బాగా తింటున్నట్టు. నల్లగా ఉంటే మేత చాలక అడుగు బురద తింటోంది. మధ్యమధ్య తెగితే ఏదో మొదలైంది. పేగు తెల్లబడి, గాలివాలు మూలన తెల్లటి దారాల్లాంటి మలం తేలితే ఆ రోజే మేత సగం చెయ్యాలి, రొయ్యని ల్యాబుకి పంపాలి. మీసాలు కూడా చూడాలి. పొడుగ్గా తెగకుండా ఉంటే అడుగు శుభ్రం, మొండిగా ఎర్రబడితే అడుగున బురద పేరుకుంది. ఈ జబ్బుల్లో ఈహెచ్‌పీకి (రొయ్య ఎదుగుదలని ఆపేసే సూక్ష్మజీవి జబ్బు) ఇప్పటిదాకా మందు లేదు. ఉందని అమ్మేవాళ్లు మాత్రం వారానికొకరు మోటారు సైకిలు మీద వస్తారు. డబ్బా మీద ఏముందో రాసి లేని మందు గేటు లోపలికి రానివ్వకూడదు. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు తగిలితే ఎగుమతైన కంటైనరంతా వెనక్కొస్తుంది.

2025 ఏప్రిల్లో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాలు ప్రకటించిన వారంలోనే గట్టు మీద ధరలు పడ్డాయి. మైపాడు రోడ్డు టీ బంకు దగ్గర ఎవరి నోట విన్నా అదే. ఎక్కడో ఒకాయన సంతకం పెడితే ఇక్కడ మేత బాకీలు ఎలా తీరతాయని ఒకరు, పంట ఇప్పుడే తీసేద్దామా ఆగుదామా అని మరొకరు. చిన్న సైజులో తీసేస్తే కిలో ధర తక్కువ, ఆగితే మేత ఖర్చూ జబ్బు భయమూ. మా యజమాని ఆగాడు. పక్క గుంట ఆయన తీసేశాడు. ఎవరు తెలివైనవాళ్లో ఇప్పటికీ తేలలేదు.

ఆదివారం సాయంత్రం మైపాడు బీచికి నెల్లూరు జనం కార్లలో వస్తారు. వేయించిన చేప ముక్కలు అమ్మే బళ్ల దగ్గర ధర ముందే మాట్లాడుకోవాలి, చేప చూపించాక బేరం ఆడితే మొహం ముడుచుకుంటారు.

తోటపల్లి గూడూరు: మే

ఎండ. ఉప్పుగాలి. మధ్యాహ్నం గట్టు మీద కాలు పెట్టలేం. రోహిణి కార్తె రాకముందే జనం గొడుగులు తీశారు.

ఈ నెలలో రాత్రి కాపలానే అసలు పని. ఎకరంలో లక్ష వేస్తే, ఎనభై వేలు బతికి ఇరవై గ్రాములకి వచ్చాయనుకుంటే 1,600 కిలోల రొయ్య నీళ్లలో ఉన్నట్టు. ఒక్కో హార్స్ పవర్ ఏరియేటరు నాలుగు అయిదు వందల కిలోలకి గాలి ఇస్తుంది, అంటే మూడు నాలుగు హార్స్ పవర్ ఆగకుండా తిరగాలి. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తాగేస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య ఆక్సిజన్ మీటరులో పీపీఎం అంకె అన్నిటికంటే కిందికి దిగుతుంది. నాలుగు లోపు పడితే కంగారు, మూడుకి వస్తే రొయ్యలు అంచులకి చేరి పైకి తేలతాయి. ఆ దృశ్యం చూశాక మరి నిద్ర రాదు.

కరెంటు పోవడం కంటే ఒక ఫేజు పోవడం ప్రమాదం. మోటార్లు తిరుగుతున్నట్టే మూలుగుతూ కాలిపోతాయి. స్టార్టరులో ఫేజు కాపలా పెట్టె పనిచేస్తోందో లేదో వారానికోసారి ఒక ఫ్యూజు పీకి చూడాలి. జనరేటరుని ఊరికే తిప్పి చూడటం కాదు, ఏరియేటర్ల భారం మీద అరగంట తిప్పి చూడాలి. ఖాళీగా బాగా తిరిగిన ఇంజను భారం పడగానే ఆగిపోతే తప్పు సాధారణంగా డీజిల్ ఫిల్టరుదే. ఏరియేటరు బాగుచేయడానికి నీళ్లలోకి దిగేవాడు మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని దిగాలి. ఫ్యూజు పక్కన పెట్టి దిగితే ఇంకెవరో పెట్టేస్తారు. గట్ల మీద తడి వైర్లు ప్రాణాలు తీస్తాయి. టార్చి, మోకాలి బూట్లు లేకుండా రాత్రి గట్టు మీద నడవకూడదు. పీతలు లోపలికి రాకుండా కట్టిన నెట్టు పక్కన రక్తపింజర చుట్టుకుని ఉంటుంది.

ఉరుములతో వాన పడితే సంతోషం గదిలో ఉన్నవాళ్లకే. మంచినీళ్లు పైన పొరగా తేలి ఉప్పదనం, పీహెచ్ రెండూ పడతాయి. మేత ఆపి, అన్ని ఏరియేటర్లూ వేసి, గట్ల మీద సున్నం చల్లాలి. గట్టు మట్టి వానకి కరిగి లోపలికి దిగేది పుల్లటి నీళ్లతోనే. గోదావరి వైపు జూన్ వానలకి ఎదురుచూస్తారు. ఇక్కడి రైతుకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే అసలువి, జూన్ మేఘాన్ని పెద్దగా లెక్కచెయ్యడు.

ఒంగోలు నుంచి వచ్చిన మెకానిక్ దారిలో ఉలవపాడు దగ్గర ఆగి బంగినపల్లి పెట్టె తెచ్చాడు. హైవే పక్కన తోటల వాళ్లే కుప్పలు పోసి అమ్ముతారు. పైన కనపడే కాయలు చూసి కొనకుండా పెట్టె అడుగు నుంచి ఒకటి తీయించి తొడిమ దగ్గర వాసన చూడాలి. రాత్రి కాపలాకి పండూ పెరుగన్నమూ కలిస్తే ఇంకేం అక్కర్లేదు. నిద్ర మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది, కాబట్టి సగం పండుతో ఆపాలి.

ముత్తుకూరు: జూన్

కృష్ణపట్నం పోర్టు దారి కావడంతో లారీలు తెగవు. నేలటూరు థర్మల్ పొగగొట్టాలు ఎటు తిరిగినా కనపడతాయి. హోటళ్లలో సగం మంది హిందీ, ఒడియా మాట్లాడతారు. పూరీ కూరలో ఆవాల నూనె వాసన రావడం ఇక్కడే చూశాం. గది అద్దెలు అల్లూరుకి రెట్టింపు.

పట్టుబడికి ముందు రోజు వల విసిరి శాంపిల్ తీస్తారు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని. 50 కౌంటంటే ఒక్కోటి ఇరవై గ్రాములు, 40 అయితే పాతిక. ఒకచోట విసిరిన వలతో కౌంటు ఒప్పుకోకూడదు, మేత వేసే దారిలో పెద్దవి ఉంటాయి, మూలల్లో చిన్నవి. నాలుగు మూలలా, మధ్యలో విసిరి కలపాలి. శాంపిల్లో మెత్తవి ఎన్నో లెక్కపెట్టాలి. పౌర్ణమి రెండు రోజుల్లో ఉంటే పట్టుబడి వాయిదా వేయడం మంచిది, మెత్త రొయ్యకి ధర కోస్తారు. తూకం దగ్గర మన మనిషి ఒకడు క్రేటు ఎత్తాక నీళ్లు కారేంత సేపు ఆపించాలి, ఎంతసేపన్నది ముందే మాట్లాడుకోవాలి. ఒక ఏజెంటు తూకమయ్యాక కౌంటు మార్చబోయాడు. శాంపిల్ కాగితం మీద అతని సంతకం ఉండటంతో నోరు మూసుకున్నాడు. సంతకం లేని శాంపిల్, శాంపిల్ కాదు.

వల లాగే ముఠా రాత్రి రెండింటికే దిగుతుంది. ఎండ ఎక్కేలోపు లారీ కదలాలి. కిలో రొయ్యకి కిలో ఐసు, పొరలు పొరలుగా. లాగేవాళ్ల చేతులు రొయ్య ముళ్లు గుచ్చుకుని ఉప్పు నీళ్లలో నాని తెల్లగా ఉబ్బుతాయి. కొబ్బరి నూనె రాసుకుని దిగితే కొంత నయం. పొద్దున ఏడింటికి ఇడ్లీ పొట్లాలు, చేపల పులుసు, గట్టు మీదే బంతి. యజమాని వడ్డించాడు, ముఠా తిన్నాకే తను కూచున్నాడు.

నెల్లూరు: బయల్దేరే ముందు

లెక్కల రోజు. నెలజీతం కాక టన్నుకి ఇంత అని మాట్లాడుకున్న కమిషన్ ఉంటుంది. అది తూకం చీటీల నకళ్లు ఉంటేనే వస్తుంది, కాబట్టి ప్రతి క్రేటు చీటీ ఫోన్లో ఫొటో తీసి ఉంచాలి. మేత, మందుల డబ్బాలు పగిలాయనీ వలలు చిరిగాయనీ కోతలు ఉంటాయి. గది అడ్వాన్సులో ఒక నెల గోడలకి సున్నం కొట్టించడానికి పోతుంది, దానికి తగువాడి లాభం లేదు.

పెన్నా గట్టున తల్పగిరి రంగనాథుడి గుడి ముందు సాయంత్రం గాలి చల్లగా ఉంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ ఏర్పాట్లు మొదలవుతున్నాయి. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గాకి వచ్చి కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె, ఇలా దేనికదే. మా ముఠాలో కుర్రాడొకడు ఉన్న ఊళ్లోనే పని దొరికే రొట్టె ఉందా అని అడిగాడు. చెరువు దగ్గర బళ్లు కడుతున్న ఆయన "ఉద్యోగం రొట్టె పుచ్చుకో, ఊరి సంగతి నువ్వు చూసుకో" అన్నాడు.

ఇంటికి పట్టుకెళ్లడానికి మలై కాజా. పాలకోవా నింపిన సరుకు కాబట్టి ఎండలో రైల్లో ఒక రాత్రికి మించి ఆగదు. బయల్దేరే సాయంత్రమే కొనాలి, ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా అట్టపెట్టెలో కట్టించాలి, లేకపోతే చెమట పట్టి పాకం కారుతుంది. ఎండు రొయ్యలు కొనేవాళ్లు ఉప్పు వేయనివి అడిగి కొనాలి, ఉప్పువి బరువు తూగుతాయి. వాటిని కాజా ఉన్న సంచిలో పెట్టకూడదు.